స్పీకరులో ఎడమచేతి వాయింపు వినబడుతోందా?

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

ఈసారి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అరచేతిలో పట్టే బ్లూటూత్ స్పీకర్ల మీదే. ఫ్రిజ్జులు, ఇన్వర్టర్ల ప్రశ్నలు పై నెలకు ఉంచి ముందు వీటి సంగతి చూద్దాం.

మూడు వేల లోపు స్పీకరు కొందామని గాంధీ రోడ్డులో మూడు షాపులు తిరిగినాను. ఎక్కడికి పోయినా ఒకటే వరస: దడదడలాడే పాట ఒకటి పెట్టి, సౌండు ఫుల్లుగా తిప్పి, ‘బేస్ చూడండి సార్’ అంటారు. అప్పుడు అన్నీ బాగున్నట్టే ఉంటాయి. ఇంటికి తెచ్చినాక బాగలేకపోతే ఎట్టా? షాపులోనే తేల్చుకునే దారి ఏమన్నా ఉందా?
– ఒక పాఠకుడు, భవానీ నగర్, తిరుపతి

ఉంది. పది నిమిషాల టైము, మీ సొంత ఫోను ఉంటే చాలు. షాపువాళ్లు పెట్టే పాటతో మాత్రం ఏమీ తేలదు. స్పీకరుకు ఏది చేతనవునో అదే వినిపించే పాటను ఏరి పెట్టుకుంటారు కాబట్టి, చేతకానిది బయటికి రాదు.

బయల్దేరే ముందే ఫోన్లోకి నాలుగు ముక్కలు దించుకోండి. తంబురా, గొంతు, మృదంగం స్పష్టంగా ఉన్న కచేరీ ముక్క ఒకటి, అందులో తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఉంటే మరీ మంచిది. మగ గొంతుతో వార్తలు రెండు నిమిషాలు. ఆడ గొంతుతో వయొలిన్ గానీ వేణువు గానీ కలిసిన పాట. నాలుగోది, మీకు నోటికొచ్చిన సినిమా పాట ఏదైనా సరే. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫైళ్లు వద్దు. అవి ముందే నలిగిపోయి ఉంటాయి, తప్పు ఫైలుదో స్పీకరుదో తెలియదు. ఫోన్లో ఈక్వలైజరు, డాల్బీ లాంటివి ఆన్‌లో ఉంటే ఆపేయండి.

షాపులో స్పీకర్లు అరల్లో ఇరికించి ఉంటాయి. మూడు పక్కలా చెక్క ఉంటే ఏ స్పీకరుకైనా బేస్ ఊరికే పెరుగుతుంది. బయటికి తీయించి కౌంటరు మీద, గోడకు జానెడు దూరంలో పెట్టించండి. చార్జరు వైరు తగిలించి ఉంటే పీకమనండి. కొన్ని స్పీకర్లు బ్యాటరీ మీదకు రాగానే ఒక మెట్టు దిగుతాయి.

ఇక అసలు మెలిక. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు కాస్త గట్టిగా మోగేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. తేడా ఒకటి రెండు డెసిబెల్సే ఉన్నా సరే, ‘ఇది గట్టిగా ఉంది’ అనిపించదు, ‘ఇది నాణ్యంగా ఉంది’ అనిపిస్తుంది. అమ్మేవాళ్లకు ఇది బాగా తెలుసు. అందుకని ఫోన్లో సౌండు మీటరు యాప్ వేసుకుని, స్పీకరుకు ఒక మీటరు దూరంలో ఒకే చోట పట్టుకుని, రెండు స్పీకర్లనూ ఒకే పాట ఒకే చరణం దగ్గర 70 డెసిబెల్స్‌కు తెచ్చి వినండి. ఫోన్ మైకు చూపించే అంకె కచ్చితం కాకపోవచ్చు. రెండింటినీ సమం చేయడానికి అది చాలు.

ముందు వార్తలు పెట్టండి. గొంతు డబ్బాలోంచి మాట్లాడినట్టుంటే 200–300 హెర్ట్జ్ (సెకనుకు కంపనాల లెక్క) దగ్గర ఉబ్బు ఉందని, అంటే ఆ స్థాయి ఒక్కటే ఎక్కువగా మోగుతోందని అర్థం. ముక్కుతో మాట్లాడినట్టుంటే ఆ ఉబ్బు ఇంకా పైన, వెయ్యి హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంది. ‘స, శ, ష’ మూడూ విడివిడిగా తెలియాలి. అన్నీ ఒకే ‘స్’ అయిపోతే పైస్థాయి లేదు. ఈల వేసినట్టు చెవిలో గుచ్చుకుంటే ఎక్కువైంది. ఏ సంగీతమైనా గొంతు తేడాను కొంత దాస్తుంది, వార్తలు దాచవు. మాట సహజంగా రాని స్పీకరులో పాట బాగుంటుందని ఆశపడకండి.

తర్వాత కచేరీ ముక్క. మృదంగానికి కుడివైపు వలంతల, ఎడమవైపు తొప్పి. తొప్పికి రవ్వ ముద్ద అంటించేది దాని నాదం లోతుగా పలకడానికే. ఎడమచెయ్యి అదిమి జరుపుతూ గుంకి పలికించినప్పుడు ‘గుమ్మ్’ అన్న నాదం జారుతున్నట్టు సాగుతుంది. మంచి స్పీకరులో ఆ సాగుడు చిన్నగానైనా తెలుస్తుంది. నాసిరకం దాంట్లో సాగుడు పోయి ఒట్టి ‘ధబ్’ మిగులుతుంది. మృదంగమైనా, తబలా అయినా, డప్పయినా అదే ‘ధబ్’. ఎందుకంటే ఆ చిన్న పెట్టెను 100–150 హెర్ట్జ్ దగ్గర ఒక్కచోట గట్టిగా మోగేలా తయారుచేసి ఉంటారు, ఆ కింద ఏమీ ఉండదు. షాపులో ‘బేస్ చూడండి’ అన్నది ఈ ఒక్క స్వరాన్నే.

అదే ముక్కలో ఇప్పుడు తంబురా మీద చెవి పెట్టండి. మృదంగం దెబ్బ పడినప్పుడల్లా తంబురా ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తోందా? డ్రైవరు (పొర ఊగుతూ సౌండు పుట్టించే భాగం) దెబ్బతినకుండా లోపలి సర్క్యూట్ మొత్తం సౌండును నొక్కిపెడుతోందన్నమాట. సౌండు తొంభై శాతంలో ఉన్నప్పుడు చిన్న స్పీకర్లు చాలావరకు ఇది చేస్తాయి, దానికి తప్పు పట్టనవసరం లేదు. సగం సౌండులోనే ఊగుతుంటే పక్కన పెట్టేయండి. ఇది ఒకసారి చెవికి పట్టిందంటే ఇక ప్రతి స్పీకరులోనూ వినబడుతుంది, అదొక తంటా.

సినిమా పాటను ముప్పై, అరవై, తొంభై శాతం దగ్గర ఆపి ఆపి వినండి. సౌండు పెరిగేకొద్దీ బేస్ తగ్గిపోవడం ఈ సైజు స్పీకర్లలో మామూలే, 45 మిల్లీమీటర్ల డ్రైవరు అంతకు మించి ముందుకూ వెనక్కూ ఊగలేదు. తొంభై దగ్గర ఆడ గొంతు తారస్థాయిలో పగిలినట్టు, చీలినట్టు ఉండకూడదు. ముప్పై దగ్గర పాట పలచబడి రేడియోలా అయిపోకూడదు. సౌండు తగ్గినప్పుడు మన చెవే కిందిస్థాయిని తక్కువ పట్టుకుంటుంది. బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. శ్రద్ధగా చేసిన స్పీకర్లు సౌండు తగ్గించినప్పుడు బేస్‌ను వాటంతటవే కొంచెం ఎత్తుతాయి. మీరు రోజూ పొద్దున్నే వంటింట్లో వినేది ముప్పై శాతం దగ్గరే అయితే, ఈ పరీక్షకే ఎక్కువ మార్కులు వేయండి.

చివరగా స్పీకరుకు ఎదురుగా కాకుండా పక్కకు నడిచి వినండి. పక్కకు జరగ్గానే ‘స’లు మాయమైతే అది ఎదురుగా కూర్చున్న ఒక్కరికే పనికొస్తుంది.

డబ్బు కట్టే ముందు అట్టపెట్టె మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీ పేరున ఉందో తెలుస్తుంది. పేరున్న బ్రాండుకు అచ్చుగుద్దిన నకళ్లు చాలాసార్లు ఇక్కడే దొరికిపోతాయి.

నాది పది వాట్ల స్పీకరు. పక్క కొట్టాయనది ఐదు వాట్లదే, కానీ నాదానికంటే గట్టిగా మోగుతుంది. నన్ను మోసం చేసినారా?
– టైలరు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

మోసమే కానక్కర్లేదు. వాట్లు రెట్టింపైతే పెరిగేది 3 డెసిబెల్స్, చెవికి అది ‘కొంచెం ఎక్కువ’ మాత్రమే. రెండింతలు గట్టిగా అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. అందిన కరెంటును ఎంతవరకు సౌండుగా మార్చగలదన్నది డ్రైవరు, పెట్టె మీద ఉంటుంది. ఆ విషయంలో ఆయనది మెరుగై ఉండొచ్చు.

అయితే అంకెల్లో మాయ లేదని కాదు. ఒక్క లిథియం సెల్లు నిండుగా చార్జయినప్పుడు 4.2 వోల్టులు. వోల్టేజి పెంచే సర్క్యూట్ లేకపోతే ఆ సెల్లుతో 4 ఓమ్‌ల డ్రైవరుకు శుభ్రంగా అందేది ఇంచుమించు 2 వాట్లు, సౌండు పగిలినా ఫరవాలేదనుకుంటే 3. నాలుగైదు వందల స్పీకరు మీద ‘20 వాట్లు’ అని ఉంటే ఈ లెక్క గుర్తు చేసుకోండి. ‘పీఎంపీఓ’ (ఒక్క క్షణం అందే గరిష్ఠం) అని ఉన్న అంకెను చదవనే వద్దు, ‘ఆర్ఎంఎస్’ (ఆగకుండా ఇవ్వగలిగేది) అని ఉన్నదే చూడండి.

బైకు మెకానిక్ షెడ్డులో ఐపీ67 స్పీకరు పెట్టుకున్నాను. లోపలికి దుమ్ము పోదని చెప్పి అమ్మినారు. ఎనిమిది నెలలకే గరగరమంటోంది. కంప్రెసరుతో గాలి కొట్టి చూడొచ్చా?
– మెకానిక్, దర్గా సర్కిల్ దగ్గర, చిత్తూరు

ఆ పని మాత్రం చేయకండి. టైర్లకు కొట్టే గాలి డ్రైవరు పల్చటి పొరను ఒక్క దెబ్బకు చింపేస్తుంది. పెట్రోలు, థిన్నరు గుడ్డతో తుడవడం కూడా వద్దు. డ్రైవరు అంచున ఉండే రబ్బరు ఉబ్బుతుంది, జిగురు వదిలేస్తుంది.

ఐపీ67లో 6 అంటే పెట్టె లోపలికి దుమ్ము పోదని, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీళ్లు రావని. డ్రైవరు పొర బయటి ముఖం మాత్రం జాలీ వెనకాల బయటి గాలికే ఉంటుంది. గ్రైండరు పట్టినప్పుడు ఎగిరే ఇనుప రజను జాలీ దాటి వచ్చి, డ్రైవరు అయస్కాంతం లాగేసరికి పొరకు అతుక్కుంటుంది. మామూలు దుమ్ము దులిపితే పోతుంది, ఇనుప రజను పోదు. మీ షెడ్డులో మొదట అనుమానించాల్సింది దాన్నే.

అయినా ఒకసారి నిర్ధారించుకోండి. ఫోన్లో టోన్ జనరేటరు (అడిగిన హెర్ట్జ్‌లో ఒకే స్వరం మోగించే) యాప్ వేసి, సౌండు నలభై శాతంలో ఉంచి, స్పీకరును బల్ల మీద కాకుండా చేత్తో పట్టుకుని 100 హెర్ట్జ్ నుంచి 400 దాకా నెమ్మదిగా పెంచండి. చేతిలో ఉండగా గరగర లేకపోతే మోగుతున్నది స్పీకరు కాదు, దాని పక్కనున్న స్పానర్ల ట్రే. ఏదో ఒక్క అంకె దగ్గరే జుయ్యిమంటే జాలీని వేలితో అదిమి చూడండి. ఆగితే జాలీ వదులైంది. రెండు చివర్లా గుండ్రంగా ఉండే రబ్బరు పొరలు కరెంటు లేకుండా ఉత్త గాలి ఒత్తిడికే ఊగి బేస్ ఇస్తాయి. టార్చి వేసి వాటి అంచున చిన్న కోత ఉందేమో చూడండి, వేలితో మాత్రం నొక్కవద్దు. కోత ఉంటే బేస్ పోయి ‘ఫుస్’ అని గాలి చప్పుడు కూడా వస్తుంది.

టోన్‌తో సంబంధం లేకుండా అప్పుడప్పుడూ టపటపమంటే తప్పు బ్లూటూత్‌ది కావచ్చు. పెన్‌డ్రైవ్ గానీ వైరు గానీ పెట్టి వినండి, అప్పుడు శుభ్రంగా ఉంటే డ్రైవరు క్షేమం. గట్టిగా పెట్టినప్పుడే వస్తే బ్యాటరీ నీరసించిందేమో, నిండా చార్జి చేసి మళ్లీ చూడండి. ఎంత తక్కువ సౌండులోనైనా కిందిస్థాయిలో గీరుతున్న చప్పుడు వస్తుంటే లోపలి కాయిల్ అయస్కాంతానికి ఒరుసుకుంటోంది. దానికి శుభ్రం చేయడం మందు కాదు, డ్రైవరు మార్చాలి. అదే సైజు, అవే ఓమ్‌లు ఉన్నది వేయించండి. పెట్టె విప్పితే ఐపీ67 అక్కడితో సరి.

ఇనుప రజనే అయితే, జాలీ స్క్రూలతో ఉంటే విప్పి, ప్యాకింగ్ టేపు జిగురు వైపును పొర మీద ఆనీ ఆననట్టు తాకించి తీయండి. పది పదిహేను సార్లు కొత్త టేపు ముక్కతో చేయాలి. ఇక మీదట గ్రైండరుకు దూరంగా, తల కంటే ఎత్తులో వేలాడదీయండి.

సంగీత కళాశాలలో వీణ నేర్చుకుంటున్నాను. పాఠాల రికార్డింగులు చిన్న స్పీకరులో వింటే అనుమంద్రం తీగ ఎక్కడుందో తెలియడం లేదు. తాళం యాప్ పెట్టి సాధన చేస్తే వెనకబడుతున్నట్టు కూడా ఉంటుంది. స్పీకరు మార్చాలా?
– విద్యార్థిని, తిరుపతి

సారణి తీగను (వీణలో మొదటి తీగ) సుమారు 165 హెర్ట్జ్‌కు శ్రుతి చేశారనుకుంటే పంచమం 124, మంద్రం 82, అన్నిటికంటే కిందిదైన అనుమంద్రం 62 హెర్ట్జ్ అవుతాయి. అరచేతి స్పీకర్లు చాలావరకు 80–100 హెర్ట్జ్ దగ్గరే చేతులెత్తేస్తాయి. అంటే అనుమంద్రం అసలు నాదం మీ స్పీకరులోంచి బయటికే రావడం లేదు. అయినా తీగ పూర్తిగా మాయం కాదు. దాని అనుస్వరాలు (అసలు నాదానికి రెండు, మూడు, నాలుగింతల్లో మోగే స్వరాలు) 124, 186, 248 దగ్గర మోగుతూనే ఉంటాయి, వాటిని బట్టి మెదడు కింద 62 ఉన్నట్టు ఊహించుకుంటుంది. స్వరం గుర్తుపట్టగలరు, నిండుతనం మాత్రం ఉండదు. ఇదే సైజులో ఇంకో బ్రాండు కొన్నా పెద్ద తేడా ఉండదు. పాఠం వినడానికి వైరున్న మంచి హెడ్‌ఫోను వీటన్నిటికంటే మేలు.

స్పీకరును మూలన, రెండు గోడలకూ దగ్గరగా, గట్టి నేల మీద పెట్టి చూడండి. మంద్రం వరకు బలం వస్తుంది. బీరువా మీద వద్దు. రేకు తానూ మోగి, ఏ స్వరమైనా ఒకేలా చేస్తుంది.

తాళం సంగతి. బ్లూటూత్‌లో సౌండు మామూలుగా సెకనులో ఐదో వంతు, అటూ ఇటుగా 150–250 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఒక్కో దెబ్బకు అర సెకను కాబట్టి, ఈ ఆలస్యం దాదాపు సగం దెబ్బ. మీరు చెవితో విని మాత్రమే వాయిస్తే ఇబ్బంది లేదు, ప్రతి దెబ్బా ఒకే రకంగా ఆలస్యమవుతుంది. తెర మీద వెలిగే చుక్కను చూస్తూ వాయిస్తే మాత్రం కంటికీ చెవికీ పొంతన ఉండదు. ఫోనును బోర్లించి పెట్టండి, లేదా 3.5 మిల్లీమీటర్ల వైరు వాడండి. ఫోన్లో కీబోర్డు యాప్ వాయించి స్పీకరులో వినాలనుకుంటే వైరు తప్పనిసరి.

ఇంకొక చిక్కు కూడా మీకు ఎదురై ఉంటుంది. మౌనం తర్వాత వచ్చే మొదటి స్వరాన్ని కొన్ని స్పీకర్లు మింగేస్తాయి. చార్జి మిగుల్చుకోవడానికి కునుకు తీసి, సౌండు రాగానే లేస్తాయి. తంబురా యాప్‌ను సన్నగా వెనకాల నడవనిస్తే నిద్రపోవు.

బ్లూటూత్ 5.0 ఉన్నది కొనాలా, 5.3 ఉన్నదా? సౌండులో ఎంత తేడా?
– డిగ్రీ విద్యార్థి, శ్రీకాళహస్తి

ఆ అంకెతో సౌండు మారదు. కనెక్షను నిలకడ, చార్జి ఖర్చు లాంటివాటికి అది పనికొస్తుంది. సౌండును మోసేది కోడెక్ (సౌండును కుదించి పంపే పద్ధతి): అన్నిటిలోనూ ఉండే ఎస్‌బీసీ సెకనుకు సుమారు 328 కిలోబిట్ల వరకు పంపగలదు, రెండు అంగుళాల డ్రైవరుకు అది ధారాళం. ఎల్‌డాక్ అనే ఇంకో కోడెక్ 990 వరకు పోతుంది కానీ ఈ సైజులో ఆ తేడా చెవికి అందదు. అదనంగా అడిగే ఐదారు వందలు పెద్ద డ్రైవరు మీద పెట్టండి. హాస్టల్లో సౌండు తెగితెగి వస్తుంటే వెర్షను మార్చడం కంటే, ఫోను జేబులోంచి తీసి స్పీకరుకు ఎదురుగా పెట్టడం నయం. మన ఒళ్లు బ్లూటూత్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ సిగ్నలును బాగా అడ్డుకుంటుంది.

శనివారం సాయంత్రం గుడి ముందర అరుగు మీద పాతికమంది భజన చేస్తాం. ట్రాక్ పాటలకు చిన్న స్పీకరు తెస్తే ఇంట్లో అదిరిపోయింది, అరుగు మీద వినబడనే లేదు. ఇట్టాంటివే రెండు కలిపితే సరిపోతుందా?
– భజన బృందం, కాణిపాకం దగ్గర పల్లె

ఇంట్లో గోడలూ పైకప్పూ సౌండును తిరిగి మీ మీదకే పంపుతాయి. ఆరుబయట పోయింది పోయినట్టే. దూరం రెట్టింపైనప్పుడల్లా 6 డెసిబెల్స్ పడిపోతాయి: మీటరు దూరంలో 84 ఉంటే రెండు మీటర్లకు 78, నాలుగుకు 72, ఎనిమిదికి 66. పాతికమంది గొంతులు, తాళాలు, చిడతల మధ్య 66 ఎవరికీ వినబడదు. పైగా బేస్‌కు గోడల ఆసరా లేక పాట పీలగా అయిపోతుంది.

రెండు కలిపితే, రెండూ పక్కపక్కన పెట్టినా పెరిగేది 3 నుంచి 6 డెసిబెల్సే. విడదీసి పెట్టడంలో లాభం ఉంది. గుడి గోడకు ఆనించి, కూర్చున్నవాళ్ల చెవుల ఎత్తులో, వరుసకు చెరో వైపు ఒకటి పెడితే ఎవరికీ మూడు నాలుగు మీటర్లు దాటదు. రెండూ ఒకే కంపెనీవై, జత కలిసే రకమై ఉండాలి. వేర్వేరు రకాలైతే ఒకదాని వెనక ఒకటి మోగి చెక్కభజనలో అడుగు తప్పినట్టుంటుంది. పదిమందికైతే ఈ ఏర్పాటు చాలు. పాతికమందికి 6 లేదా 8 అంగుళాల డ్రైవరున్న పెట్టె స్పీకరు ఒకటి తీసుకోండి, బ్యాటరీతో నడిచేవి ఉన్నాయి.

పాడేవాళ్లకు మైకు కూడా కావాలంటే ఆ పెట్టెలో మైకు పిన్ను పెట్టే రంధ్రం ఉందో లేదో చూసి కొనండి. ఫోను మైకులో పాడి బ్లూటూత్ ద్వారా వినిపించే యాప్‌లు పనికిరావు, తన గొంతు తనకే ఆలస్యంగా వినబడి పాడేవారు తడబడతారు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. కాబట్టి పెట్టె ముఖం ఇళ్ల వైపు కాకుండా గుడి వైపు తిప్పండి.